చూస్తుండగా వేసిన గింజలు

ఆఫీసులో ఆమెను అందరూ గింజలమ్మ అంటారు. ఎదురుగా కాదు లెండి. ఎదురుగా మేడమ్, వెనక గింజలమ్మ. ఆ సంగతి ఆమెకూ తెలుసు. తెలిసి, పైకి మొహం ముడుచుకున్నా లోపల కాస్త మురిసిపోయేది కూడా. పన్నెండేళ్ళుగా చేస్తున్న పనే మనిషికి పేరైతే తప్పేముంది?

రోడ్డు వెయ్యాలన్నా, చెరువు తవ్వాలన్నా, చెత్త పొయ్యడానికి జాగా చూడాలన్నా, ముందు అక్కడివాళ్ళ అభిప్రాయం అడగాలని ఆ ఆఫీసులో ఒక నియమం ఉంది. మీటింగు పెట్టి అడిగితే ఏమవుతుందో మీకు తెలియనిది కాదు. గొంతున్నవాడు అరుస్తాడు, లేనివాడు తలూపుతాడు, చివరికి ఖాళీ కుర్చీలు మిగులుతాయి. అందుకని మాటలకు బదులు గింజలు పెట్టారు. మనిషికి పదేసి ఎండు చిక్కుడు గింజలు చేతిలో పోస్తారు. ఎదురుగా మూడు రేకు డబ్బాలుంటాయి, ఒక్కో డబ్బా మీద ఒక్కో బొమ్మ అంటించి ఉంటుంది. ఏది ఎంత కావాలనుకుంటే అందులో అన్ని గింజలు వెయ్యాలి. పదీ ఒక్కదాంట్లోనే గుమ్మరించినా సరే, పంచినా సరే. అక్షరం ముక్క రానివాళ్ళు కూడా ఇట్టే వేసేస్తారు. చివర్లో అందరి ముందూ లెక్కపెట్టి రాసుకోవడం ఆమె పని.

మొదట్లో డబ్బాలు గదిలో పెట్టేవారు. ఒకచోట ఎవడో, లోపల గింజలు మార్చేశారని గొడవ చేశాడు. అప్పుడు ఈమే డబ్బాలను బయటికి తెచ్చి, అందరూ చూస్తుండగా వేయించే పద్ధతి పెట్టింది. "దాచడానికేం లేదు, అంతా మీ కళ్ళముందే" అని చేతులు చాచి చెప్పడం ఆమెకు అలవాటైపోయింది. ఆ పద్ధతిని ఆఫీసరు గారు పెద్ద మీటింగులో మెచ్చుకున్నారు. కొత్తగా చేరినవాళ్ళకు ఆమే నేర్పుతుంది: గింజలు అక్కడే లెక్కపెట్టాలి, ఏ గింజా లెక్కకు ముందు ఊరు దాటకూడదు.

మనిషి మాత్రం కుదురుగా ఉండే రకం కాదు. బస్సులో సీటు దొరికినా అంచుమీదే కూర్చుంటుంది. ఇంట్లో అన్నం తింటూ రెండుసార్లు లేచి తలుపు గడియ చూసి వస్తుంది. "కాలుగాలిన పిల్లి నయం, అదైనా ఒక మూల పడుకుంటుంది" అంటుంది అత్తగారు. ఆ మధ్య అయితే ఆ తిరుగుడు మరీ ఎక్కువైంది. ఆమె ఉద్యోగం మూడేళ్ళకోసారి పొడిగించేది. ఆ గడువు నెలాఖరుతో అయిపోతోంది. ఇప్పుడు చేస్తున్న ఒక చెరువు రిపోర్టూ, పొడిగింపు కాగితమూ ఒకే ఫైలులో సోమవారం పైకి వెళ్ళాలి. రిపోర్టు సరిగ్గా అందితే ఉద్యోగం నిలుస్తుంది, అంతే లెక్క.

ఆ చెరువు పట్నానికి ఆనుకుని ఉంటుంది. దాన్ని ఏం చెయ్యాలన్నదే ప్రశ్న. కుళాయి బొమ్మ ఉన్న డబ్బా అంటే, చెరువును లోతు చేసి చుట్టూ గట్టు కట్టి నీళ్ళన్నీ తాగడానికే ఉంచడం. ఇక చేపలుండవు, తుంగ ఉండదు. పడవ బొమ్మ అంటే ఉన్నది ఉన్నట్టు వదిలెయ్యడం. తాళం బొమ్మ అంటే ఏటా మూడు నెలలు ఎవరూ దిగకుండా మూసి, మిగతా కాలం వాడుకోవడం. గింజలు వెయ్యాల్సినవాళ్ళు నాలుగు రకాలు: పట్నంవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, ఒండ్రు మట్టితో ఇటుకలు చేసేవాళ్ళు, చాపల కోసం తుంగ కోసే ఆడవాళ్ళు. ఎవరి మాటకు ఎంత బరువో ఆఫీసరు గారి పట్టికలో ఉంటుంది. పట్నానికి ఐదు పాళ్ళు, చేపలవాళ్ళకు మూడు, ఇటుకలకు ఒకటి, తుంగకు ఒకటి. కింద ఇంకో గడి ఉంది, 'రాబోయే తరాలు' అని, దానికి రెండు పాళ్ళు. ఆ గడి మాత్రం ఆఫీసరు గారే పూరిస్తారు. పుట్టనివాళ్ళు గింజలు వెయ్యలేరు కదా!

మూడు రకాలవాళ్ళ లెక్కలు వచ్చేశాయి. ఆఫీసరు గారి గడి కూడా కలిపి చూస్తే కుళాయి, పడవ నువ్వా నేనా అన్నట్టున్నాయి. మిగిలింది తుంగ కోసే పదకొండు మంది ఆడవాళ్ళు. వాళ్ళది ఒక్క పాలే, కానీ త్రాసు ఎటు ఒరగాలో ఆ ఒక్క పాలే తేల్చాలి.

గురువారం మధ్యాహ్నం చెరువు గట్టు మీద వాళ్ళచేత గింజలు వేయించింది. చాపల వ్యాపారి స్కూటరు మీద కూర్చుని పల్లీలు తింటూ చూస్తున్నాడు. ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు వచ్చి, తల ఎత్తకుండా వేసి వెళ్ళారు. చివరి ఆమె వేస్తుండగానే వాన అందుకుంది. ఆఖరి బస్సు హారన్ కొడుతోంది. లెక్క ఇంటిదగ్గర చూసుకుందాంలే అని గింజలమ్మ మూడు డబ్బాలకూ మూతలు బిగించి సంచీలో వేసుకుని పరుగెత్తింది. పన్నెండేళ్ళలో అదే మొదటిసారి. ఇంటికొచ్చి, తడిసిన సంచీ నేలమీద పెట్టడం ఇష్టంలేక, డబ్బాలు తీసి వంటింటి అరమీద పెట్టింది. పొద్దున్నే చూడొచ్చనుకుంది.

పొద్దున్నే చూసింది, కంచంలో. మూడు ముద్దలు తిన్నాక గానీ ఆమెకు అనుమానం రాలేదు.

"అత్తయ్యా, ఈ గింజలెక్కడివి?"

"నువ్వు తెచ్చినవే. మూడు డబ్బాలెందుకు తెచ్చావో నాకు తెలియదుగానీ, గింజలన్నీ నిన్న రాత్రే నానబోశాను. ఎప్పటి గింజలో ఏమో, ఉడకడానికి నా ప్రాణం తీశాయి."

"అవి గింజలు కాదత్తయ్యా! అభిప్రాయాలు!"

"అభిప్రాయాలో అపరాలో నాకేం తెలుసు? వంటింట్లో పెడితే వండుతాను. వండకూడనివైతే నీ ఆఫీసులో పెట్టుకోవాల్సింది."

ఆమె భర్త బస్సు డిపోలో మెకానిక్కు. డ్యూటీకి తయారై తింటున్నవాడు కాస్తా పొలమారేలా నవ్వాడు. "ఎవరివేమిటి?"

"తుంగ కోసేవాళ్ళవి."

"అయితే ఇంకో గరిటె వెయ్యమ్మా. వాళ్ళ మాట ఎవరూ వినేది లేదు, మనమైనా కడుపులో పెట్టుకుందాం."

గింజలమ్మకు ఏడుపొచ్చింది. అత్తగారి మీద కోపం తెచ్చుకుందామంటే అందులో న్యాయం లేదు. తప్పు తనది. గురువారం సాయంత్రం వానలో నిలబడి లెక్కపెట్టి ఉంటే సరిపోయేది. పది నిమిషాల పని. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకుంది. ఆమె మొహం చూసి అత్తగారు కాస్త తగ్గింది, తగ్గుతూనే ఒకటి అంటించింది: "ఊళ్ళో అందర్నీ ఏం కావాలి ఏం కావాలి అని అడిగి వస్తావు. ఇరవై రెండేళ్ళయింది నువ్వీ ఇంటికొచ్చి, నన్నొక్కసారి అడిగావా? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు." ఆమె చెయ్యి కడుక్కుని సంచీ తగిలించుకుంది.

ఆఫీసుకు వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆఫీసరు గారు మంచివాడే. కాకపోతే ఆయన బల్లమీద ఇలాంటి ఫైళ్ళు ఇరవై ఉన్నాయి. "పదకొండు మంది. నూటపది గింజలు. దానికింత కంగారెందుకమ్మా? సగటు వేసెయ్యండి" అన్నాడు.

సగటు కూడా అక్కర్లేదు. ఆమెకు గుర్తుంది. పడవ డబ్బా ఎత్తినప్పుడు బరువుగా ఉంది, మిగతా రెండూ ఊపితే చప్పుడే లేదు. నూటపదీ పడవకే పడ్డాయి. పడవ గడిలో నూటపది అని రాస్తే అది అబద్ధం కూడా కాదు. పెన్సిలుతో రాసింది, చెరిపింది. కాసేపటికి మళ్ళీ రాసి, మళ్ళీ చెరిపింది. మూడోసారికి కాగితం చిరిగింది. పక్క సీటు గుమాస్తా, "మేడమ్, మీరు కూర్చోండి, లేదా నన్నైనా వేరే గదికి పంపండి, మీరలా తిరుగుతుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అన్నాడు. లెక్కపెట్టని గింజకు అంకె వెయ్యడం ఆమెకు చేతకాని పని. వెయ్యకపోతే ఉద్యోగం. మింగలేక కక్కలేక ఆ శుక్రవారమంతా అలాగే గడిచింది.

శనివారం కొత్త గింజలు కొనుక్కుని మళ్ళీ వెళ్ళింది.

ఆ రోజు ఆడవాళ్ళు గట్టుమీద లేరు. వెనక రేకుల షెడ్డులో కూర్చుని తుంగ చీలుస్తున్నారు. వ్యాపారి రాలేదు, శనివారాలు వేరే ఊరికి వెళతాడట. జరిగింది చెబితే తిడతారనుకుని గింజలమ్మ నసిగింది. చివరికి చెప్పేసింది. షెడ్డంతా గొల్లున నవ్వింది.

"మా మాట ఉడికిందా అయితే?" అంది అందరికంటే పెద్దామె, కళ్ళు తుడుచుకుంటూ. "ఉప్పు సరిపోయిందా తల్లీ?"

"మీ అత్తగారికి అరిగిందా లేదా, అది చెప్పు ముందు," అంది ఇంకొకామె.

నవ్వులయ్యాక మళ్ళీ వేశారు. ఎదురుగా డబ్బాలు పెట్టి గింజలమ్మ చేతులు కడుక్కోవడానికి తొట్టిదగ్గరికి వెళ్ళింది. వచ్చి చూస్తే వెయ్యడం అయిపోయింది. ఈసారి అక్కడే, వాళ్ళ మధ్యలో కూర్చుని లెక్కపెట్టింది. కుళాయికి అరవైనాలుగు. పడవకు ఇరవై ఐదు. తాళానికి ఇరవై ఒకటి.

రెండుసార్లు లెక్కపెట్టింది. అంకెలు మారలేదు.

"గురువారం అన్నీ పడవలోనే వేశారు కదా పెద్దమ్మా?"

"గురువారం వాడు చూస్తున్నాడు గదా. తుంగ పోతే వాడి వ్యాపారం పోతుంది. రేపు చాపలు కొనాల్సింది వాడే. మా చేతుల్లోంచి గింజలు పడుతుంటే నోట్లో పల్లీలు మానేసి మరీ చూశాడు. ఆ గింజలు వాడివనుకో, ఇవి మావి."

"కానీ కుళాయి అంటే తుంగ ఉండదు. మీ పని పోతుంది."

పెద్దామె చీర కాస్త పైకి లాగి కాళ్ళు చూపించింది. మోకాళ్ళ కింద చర్మం నానీ నానీ తెల్లగా పొరలు లేచి ఉంది. జలగలు పట్టిన మచ్చలు చుక్కలు చుక్కలుగా ఉన్నాయి. "పోతే పోనీ. నా కోడలు ఇందులో దిగకూడదు."

వెంటనే మూలనుంచి ఒక గొంతు లేచింది. "నేను పదీ పడవలోనే వేశాను. నన్నడిగిందా ఆవిడ? ఆవిడకేం, కాళ్ళు నొప్పులని గట్టెక్కి కూర్చుంటుంది. నా చేతిలో ఉన్న పని ఇదొక్కటే." ఆ కోడలు అంటున్నది కూడా నిజమే. గింజలమ్మ ఎవరివైపూ తలూపలేక డబ్బాలు సర్దుకుంది.

తిరుగు బస్సులో ఆమెకు పురుగు తొలిచినట్టు మొదలైంది. చేపలవాళ్ళు వేసినప్పుడు వాళ్ళ సంఘం ప్రెసిడెంటు కుర్చీ వేసుకుని డబ్బాల పక్కనే కూర్చున్నాడు. ఇటుకలవాళ్ళు వేసినప్పుడు బట్టీ యజమాని అందరికీ చల్లని సోడాలు ఇప్పించాడు, ఆమెకు కూడా ఒకటి. పట్నంలో వార్డు మెంబరు ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి మరీ వేయించాడు. అందరూ చూస్తుండగా. ఆ పద్ధతి పెట్టింది ఎవరు? తనే. లెక్క అందరి ముందూ జరగాలి, నిజమే. వెయ్యడం కూడా అందరి ముందూ జరగాలని తనకెందుకు తోచింది? ఇన్నాళ్ళూ ఆ తేడా ఎందుకు తెలియలేదు? ఆమెకు సిగ్గేసింది. సీటు దొరికినా నిలబడే ఇంటికొచ్చింది.

ఆదివారం పొద్దున, ఏదో ఒక పనైనా సరిగ్గా చేద్దామని, "అత్తయ్యా, ఇవాళ ఏం వండమంటారు?" అని అడిగింది. అత్తగారు ఆశ్చర్యపోయి, సర్దుకుని, "నీకేది వీలైతే అదేనమ్మాయ్, అసలే హడావుడిలో ఉన్నావు" అంది. ఇదేం జవాబు, అడిగీ ప్రయోజనం లేదు అని గింజలమ్మ విసుక్కుంది.

సోమవారం ఆఫీసరు గారి ముందు రిపోర్టు పెట్టింది. చివరి పేజీలో ఎప్పుడూ ఒక వాక్యం ఉంటుంది: 'ఎవరి ఒత్తిడీ లేకుండా గింజలు వేశారని ధ్రువీకరిస్తున్నాను.' ఇంతవరకు ముప్పై ఎనిమిదిసార్లు ఆ వాక్యం కింద సంతకం పెట్టింది. ఈసారి ఖాళీగా వదిలేసింది.

"ఇక్కడ మర్చిపోయారు" అన్నాడాయన.

"మర్చిపోలేదు సార్. తుంగవాళ్ళది తప్ప మిగతా మూడూ మళ్ళీ వేయించాలి. డబ్బాలకు అడ్డంగా తెర కట్టి, ఒక్కొక్కరినే లోపలికి పంపి." అని మొత్తం చెప్పింది. ప్రెసిడెంటు కుర్చీ, సోడాలు, వార్డు మెంబరు, ఏదీ దాచలేదు.

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. "అందరూ చూస్తుండగా వెయ్యాలన్నది మీ పద్ధతే కదమ్మా? దాన్ని నేను మీటింగులో పొగిడాను కూడా."

"అవును సార్. తప్పు పద్ధతి."

"పొడిగింపు కాగితం ఇదే ఫైలులో ఉంది. సంతకం లేకుండా ఫైలు వెళ్ళదు. తెలుసుగా?"

"తెలుసు సార్."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "పదిహేను రోజులు ఇస్తాను. ఈలోగా నెలాఖరు వస్తుంది. మీ ఉద్యోగం సంగతి నేను మాట ఇవ్వలేను. తెరకు బట్ట కూడా ఆఫీసు ఇవ్వదు, దానికి వేరే ఫైలు పెట్టాలి."

"ఇంట్లో దుప్పటి ఉంది సార్" అంది.

బయటికొస్తుంటే, ఎందుకు దాచాలి, ఆమెకు తనమీద తనకే గౌరవం పుట్టింది. ఉద్యోగం ఊగుతోంది, అయినా నడకలో ఏదో ఠీవి వచ్చేసింది. నిజం చెప్పి బయటపడ్డ మనిషి నడక అలాగే ఉంటుంది, కనీసం మొదటి బస్‌స్టాపు దాకా. దుప్పటి ఏది బాగుంటుంది, తాడు ఎక్కడ కట్టాలి అని ఆలోచిస్తూ బస్సెక్కింది.

దారిలో చెత్త దిబ్బ వస్తుంది. అది రాగానే బస్సులో జనం అలవాటుగా కిటికీలు మూస్తారు. నాలుగేళ్ళ క్రితం ఆ జాగా ఖాయమైంది ఆమె గింజలతోనే. చెత్త ఇక్కడే పొయ్యాలా, గుట్టకు అవతల దూరంగా పొయ్యాలా, ఇళ్ళదగ్గరే ఎరువు చెయ్యాలా అని మూడు డబ్బాలు పెడితే, పక్కనున్న నలభై ఇళ్ళవాళ్ళు, ఇంటికొకరు చొప్పున, నాలుగొందల గింజల్లో మూడొందల పన్నెండు 'ఇక్కడే' డబ్బాలో వేశారు. ఆఫీసంతా ముక్కున వేలేసుకుంది. అంత ఒప్పుకోలు ఎక్కడా రాలేదని ఆ రిపోర్టును కొత్తవాళ్ళకు నమూనాగా చూపిస్తారు. ఇవాళ ఆమెకు తోచింది: అక్కడ ఎవరు చూస్తూ నిలబడ్డారో తనకు గుర్తులేదు, అది కనుక్కుని ఆ పేరు కూడా రాసి ఆఫీసరు గారికి ఇస్తే? బస్సు ఆపించి దిగిపోయింది.

మొదటి ఇంటి గుమ్మంలో ఒకామె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. గింజలమ్మను చూడగానే గుర్తుపట్టింది. "నువ్వు గింజలు తెచ్చిన అమ్మవి కదూ? రా, కూర్చో." చేత్తో ఈగలు తోలి పీట వేసింది.

గింజలమ్మ కూర్చోలేదు. "ఒక్క మాట అడగాలి. ఆ రోజు మీరు గింజలు వేస్తుంటే ఇక్కడ ఎవరున్నారు? కాంట్రాక్టరా? వార్డు మెంబరా?"

ఆమె ఆలోచించింది. "ఎవరూ రాలేదమ్మా. నువ్వొక్కదానివే వచ్చావు."

"సరిగ్గా గుర్తు తెచ్చుకోండి. ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి."

"గుర్తుంది. మండుటెండ. చెట్టు కూడా లేదు. నువ్వే ఉన్నావు."

"మరి చెత్త ఇక్కడే వెయ్యమని అన్ని గింజలు ఎందుకు వేశారు?"

"నువ్వు ఆ డబ్బా పట్టుకుని కూర్చున్నావు కదా." ఆమె తేలిగ్గా అంది. "మిగతా రెండూ కింద పెట్టావు, అదొక్కటే చేత్తో పట్టుకున్నావు. నీకు అది కావాలేమో అనుకున్నాం. పాపం ఇంత దూరం ఎండన పడి వచ్చింది, చెమటలు కారిపోతున్నాయి, ఇది నిండితే ఆమె పని అయిపోతుంది, ఇంటికెళ్తుంది అని మాలో మేమే అనుకున్నాం."

ఆ డబ్బా అడుగు సొట్టపోయి ఉండేది. పట్టుకోకపోతే ఒరిగిపోయేది. అంతకంటే కారణమేమీ లేదు.  గింజలమ్మ ఆ పీటమీద కూర్చుండిపోయింది. దిబ్బమీద లారీ ఒకటి చెత్త దించుతోంది. ఈగలు మళ్ళీ వచ్చి చేటలో బియ్యంమీద వాలాయి.

"ఇప్పుడు అడిగితే ఏం చెబుతారు?" అంది చివరికి, తనకే వినపడనట్టు.

"ఇప్పుడెందుకులే అమ్మా. చెత్త వచ్చేసిందిగా." ఆమె లేచి లోపలికెళ్ళి, నిండా ఒక గ్లాసు నీళ్ళు తెచ్చి చేతిలో పెట్టింది. "మళ్ళీ ఎండలోనే వచ్చావు. ముందు ఇవి తాగు."

నీళ్ళు దిబ్బ వాసన వేస్తున్నాయి. గింజలమ్మ తల ఎత్తింది. ఆమె ఎదురుగా నిలబడి, తాగుతుందా లేదా అని ఆదరంగా చూస్తోంది. గింజలమ్మ ఆపకుండా గ్లాసంతా తాగేసి, బాగున్నాయని చెప్పింది.